ముందు ఇంటిపేరు

పెదబయలు సంతకు పసుపు తెచ్చే కిల్లో దాసమ్మ, సరుకు అమ్ముడవగానే కమల కొట్టు అరుగు మీద కూలబడి, చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తుంది. ఎంత పెద్ద ఆఫీసరు పలకరించినా ముందు ఇంటిపేరు అడుగుతుంది, తర్వాత వాళ్ళమ్మ ఊరు. ఎదుటివాళ్ళది పులి గోత్రమో పాము గోత్రమో తెలిసి, ఎక్కడో ఒక చుట్టరికం కలిస్తేనే అసలు మాట. కొండమీద అది అనుమానం కాదు, మర్యాద. ఒక సంతనాడు, ఎప్పుడూ స్పీకరులోనే పెట్టి మాట్లాడే ఆమె ఫోను మోగింది. బ్యాంకు నుంచట, ఖాతా మూసేస్తున్నారట, ఇప్పుడే ఫోనుకు వచ్చిన ఓటీపీ ఆరంకెలు చెప్పాలట. కాఫీ గింజలమ్మిన ఏడాది డబ్బంతా ఆ ఖాతాలోనే ఉంది. డిగ్రీ చదివిన కమలే నిరుడు అలాంటి ఫోనుకు ఆరంకెలూ ఒక్క గుక్కలో అప్పజెప్పి డబ్బు పోగొట్టుకుంది. ఆమె గల్లా వదిలి పరుగెత్తుకొచ్చేలోపే దాసమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

“నీదే ఇంటిపేరు బాబూ?”

“హెడ్డాఫీసమ్మా! నంబరు చెప్పండి.”

“ఆపీసు కన్నాదేటి నిన్ను? మీ అమ్మదే ఊరు?”

“రెండు నిమిషాలే టైముంది!”

“రెండు నిమిసాల్లో సుట్టరికమెలాగ తేలుద్ది నాయినా? నిదానంగా సెప్పు.”

అవతలివాడు ఓ బూతు విసిరి ఫోను పెట్టేశాడు. తన కొట్టు గోడమీది సైబర్ జాగ్రత్తల పోస్టరును రోజూ చదివే కమలకు ఒళ్ళు గగుర్పొడిచింది. గుడిమెట్టు దగ్గర నిలబడ్డట్టు నిలబడిపోయింది.

దాసమ్మ ఫోను వంక జాలిగా చూసింది.

“అమ్మ ఊరు సెప్పుకోలేకపోనాడే గుంటడు! పాపం, ఎవులూ లేరు గావాల.”