గంజి పోసిన చెయ్యి

"మీ చెయ్యి మంచిదండీ, ఏది పెట్టినా బతుకుతుంది" అని ఎవరైనా అన్నప్పుడల్లా ఆ మాట నాకు బరువుగా తగులుతుంది. నవ్వి ఊరుకుంటాను. అలా నవ్వుతూ చాలా ఏళ్ళు మోశాను. ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. జాలిపడమని మాత్రం అడగడం లేదు.

తొంభైల చివర్లో కొత్తగూడలో ఇల్లు కట్టుకున్నాం. మావారిది ప్రభుత్వోద్యోగం. అటువైపు హైటెక్ సిటీ కోసం రాళ్ళు పేలుస్తుంటే మా వంటింట్లో గిన్నెలు అదిరేవి. గోదావరి జిల్లా నుంచి వచ్చినదాన్ని, ఆ రాతినేలలో ఏం పెంచను? డాబా మీదే మొదలుపెట్టాను. పగిలిన టబ్బులు, నూనె డబ్బాలు, సిమెంటు సంచులు. పేడ, వేపపిండి, కూరగాయల తొక్కలు. పురుగు పడితే పుల్లమజ్జిగ. పురుగుమందు అన్న మాటే లేదు. బండి మీద కొన్న కాలీఫ్లవర్ తిని మా పాప ఓసారి వాంతులు చేసుకుంది. ఆ పువ్వు కడుగుతున్నప్పుడు వచ్చిన మందు వాసన నాకింకా గుర్తే. నా బిడ్డ తినేది నేనే పండిస్తానని ఆ రోజు పంతం పట్టాను. ఆ పంతం తప్పని ఈనాటికీ ఒప్పుకోను.

పక్కింటి యాదమ్మగారిది ఆ ఊరే. వాళ్ళ పెరట్లో మా గోడకి ఆనుకుని ఒక బాదం చెట్టు ఉండేది. దాని ఎండుటాకులు మా డాబా మీద రాలితే ఏరి ఎరువులో కలిపేదాన్ని. అదే చెట్టు మా డాబాని మించి పెరిగి కొమ్మలు చాచింది. ఎండ పోయింది. టమాటా పూత రాలిపోయింది, బీర తీగ పాలిపోయింది. కొమ్మలు కొట్టించమని అడిగాను. మధ్యాహ్నం నడుం వాల్చేది ఆ నీడలోనేనని యాదమ్మగారు ఒప్పుకోలేదు. రెండోసారి ఎందుకు అడగలేదు? బతిమాలడం నాకు చేతకాదు, అంతే.

వాళ్ళంతా బంధువుల పెళ్ళికి వెళ్ళిన రోజు పట్టపగలే గోడ దిగాను. చెట్టు మొదట్లో బరమాతో బెజ్జాలు పెట్టి, ఇంగువ కూరి, పైన మట్టి మెత్తాను. మా ఊళ్ళో అడ్డొచ్చిన చెట్లని అలాగే చంపేవారు. ఇంగువ మందు కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చూశారా, అప్పుడు కూడా నియమం తప్పలేదు!

ఆకులు పండి రాలాయి. మళ్ళీ చిగురు వెయ్యలేదు. డాబా మీదికి ఎండ వచ్చింది. అబద్ధమెందుకు, సంతోషించాను.

యాదమ్మగారి కొత్తకోడలు సుజాత కాపురానికి వచ్చినప్పటినుంచీ రోజూ అన్నం వార్చి ఆ గంజి చెట్టు మొదట్లో పోసేది. ఒక పొద్దున యాదమ్మగారు గోడ దగ్గరికి వచ్చి నన్ను పిలిచారు. వెనకాల సుజాత ఉంది.

"అమ్మా, చెట్ల సంగతి నీకెరుక. జర నిజం చెప్పు. ఉడుకుడుకు గంజి పోస్తే చెట్టు సస్తదా?"

సుజాత నా మొహంలోకే చూస్తోంది. అంత చెట్టుని గిన్నెడు గంజి ఏం చేస్తుంది? చావదండీ అంటే సరిపోయేది. కానీ ఆ తర్వాత అడగబోయే ప్రశ్న కూడా నాకు తెలుసు. మరి ఎందుకు చచ్చింది?

"చావచ్చండి," అన్నాను. "వేళ్ళకి వేడి తగిలితే ఎలా బతుకుతుంది?"

"ఇన్నవా?" యాదమ్మగారు కోడలివైపు తిరిగారు. "నీ చెయ్యే మంచిది కాదు. ఇగ నా పెరట్ల ఏ మొక్కనూ ముట్టకు."

"సల్లార్చినంకనే పోసిన అత్తమ్మా," అంది సుజాత.

ఎవరూ వినలేదు. నేను విన్నాను.

ఆ చోట కొత్త మొక్క పెట్టడానికి నన్నే పిలిచారు, నా చెయ్యి మంచిదని. నిమ్మ పెట్టాను. ఎందుకంటే అది ఎత్తు పెరగదు. సుజాత గుమ్మంలోనే నిలబడి చూసింది, గొయ్యి దగ్గరికి రాలేదు. ఆ నిమ్మ విరగకాసింది.

చెట్టు సంగతి అడిగితే మీతో వాదిస్తాను. ఆ ఎండలో పండినవి తిని నా బిడ్డ పెరిగింది. యాదమ్మగారికీ ఒడినిండా బీరకాయలు ఇచ్చాను, ఆవిడా మెచ్చుకునే తింది. కావాలంటే నన్ను తిట్టుకోండి. కానీ ఆ ఒక్క మాట? దొరికిపోతానని భయపడి అన్నానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. కాదు. దొరికితే నాలుగు చీవాట్లు పడేవి, అవి నాకో లెక్కా? మంచి చెయ్యి అన్న పేరు పోతుందని అన్నాను. ఆ పేరు నిలుపుకోవడానికి ఒక పిల్ల చేతికి చెడ్డపేరు కట్టబెట్టాను.

తర్వాత మేము మదీనాగూడ మారిపోయాం. ఇల్లు ఖాళీ చేసే ముందు ఒకరోజు గోడ మీంచి చూశాను. సుజాత గంజిగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. వేలు ముంచి చూసింది. ఆగింది. మళ్ళీ ముంచి చూసింది. అప్పుడు తీసుకెళ్ళి మురిక్కాలవలో పోసింది. మురిక్కాలవలో పోసే గంజికి కూడా వేలు పెట్టి చూసుకుంటోంది.

ఇప్పుడు నిజాంపేటలో ఉంటోందని విన్నాను. వెతికితే దొరుకుతుంది. వెళ్ళను. వెళ్ళి క్షమించమంటే ఆ పిల్ల మంచితనం కొద్దీ క్షమిస్తుంది, దాంతో నాకు సుఖంగా ఉంటుంది. అది నాకు వద్దు. చెప్పాల్సింది మాత్రం ఇన్నాళ్ళకి ఇక్కడ చెబుతున్నాను.

ఆ చెట్టుని చంపింది నేను. సుజాతా, నీ చెయ్యి మంచిదే.