సలోమిగారి కళ్ళజోడు

రెండు వేల పదహారులో టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, కళ్ళజోళ్ళ దుకాణం పక్కనే ఉన్న చిన్న క్లినిక్‌లో ఆప్టోమెట్రిస్టుగా చేరాను. అంటే చూపు పరీక్షించి అద్దాలు రాసే డాక్టర్ని. ఆపరేషన్లు మా పని కాదు. నా భార్య నిర్మల ముందు గదిలో అపాయింట్‌మెంట్లు చూసేది.

ఆ వేసవిలో ఒక శుక్రవారం, మా తెలుగు చర్చికి వచ్చే సలోమిగారు కళ్ళజోడు లేకుండా వచ్చారు. యాభై దాటిన మనిషి. ఏళ్ళుగా అద్దాలు లేనిదే బైబిలు చదవలేరు. ఇప్పుడు చదువుతున్నారట.

“దేవుడు నా కళ్ళు బాగుచేశాడు బ్రదర్. సండే చర్చిలో అందరిముందూ సాక్ష్యం చెప్తున్నా. మీరు టెస్ట్ చేసి ఒక్క ముక్క రాసివ్వండి.”

చేతికిచ్చిన కార్డులో అన్నిటికంటే చిన్న వరుసను పాటలా చదివేశారు. ఆనందం పట్టలేక అడుగున అచ్చువేసిన కంపెనీ చిరునామా కూడా చదివారు. తలుపు దగ్గర నిర్మల చప్పట్లు కొట్టింది. నేనూ నవ్వాను. తర్వాత గోడమీది బోర్డు చూడమంటే పెద్ద అక్షరాల దగ్గరే తడబడ్డారు. దూరంగా ఉన్నవాళ్ళతో తనకేం పనని కొట్టిపారేశారు.

మధ్యలో రెస్ట్‌రూమ్‌కి వెళ్ళొచ్చారు. వస్తూనే ఫ్లాస్కులో నీళ్ళన్నీ తాగేశారు. దాహం టెక్సస్ ఎండవల్ల అన్నారు. డైటింగ్ లేకుండానే జాకెట్లు వదులయ్యాయని, అదీ దేవుడి దయేనని చెప్పారు. ఆమె చెబుతున్న దీవెనలన్నీ మా పాఠ్యపుస్తకంలో ఒకే శీర్షిక కింద ఉంటాయి. రక్తంలో చక్కెర బాగా పెరిగితే కంటిలోని లెన్సు ఉబ్బుతుంది. కొన్నాళ్ళు దగ్గరివి స్పష్టమవుతాయి, దూరానివి మసకబారతాయి.

రాసివ్వలేనని, ఇవాళే షుగర్ చూపించుకోవాలని చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది.

“నా సాక్ష్యం పాడుచేస్తారా బ్రదర్?”

నిర్మల ఆమె కారు తాళాలు తీసుకుంది. “సాక్ష్యం ఎక్కడికీ పోదక్కా. నేను డ్రైవ్ చేస్తా, పదండి.”

అపాయింట్‌మెంట్ లేకుండా చూసే అర్జెంట్ కేర్‌ క్లినిక్‌లో వేలినుంచి రక్తం తీసి చూస్తే, చక్కెర వాళ్ళ మీటరు కొలవగలిగిన హద్దు దాటింది. అటునుంచి అటే ఆసుపత్రికి పంపారు.

మందులతో చక్కెర దిగింది. చూపు మెల్లగా పాతచోటికి వచ్చింది. అది కుదురుకునేదాకా కొత్త అద్దాలు రాయకూడదు, రాయలేదు. చివరికి పాత జోడే సరిపోయింది. అది పెట్టుకునే ఆమె చర్చిలో నిలబడ్డారు.

“దేవుడు నా కళ్ళజోడు నాకు తిరిగిచ్చాడు. ఆయనకి స్తోత్రం.”

అందరికంటే ముందు నిర్మల నవ్వింది. తర్వాత చర్చి అంతా. పాస్టరుగారు పాట ఎత్తుకోబోయి మళ్ళీ మళ్ళీ ఆగిపోయారు. నిర్మల పోయి రెండేళ్ళయింది. ఆ నవ్వు గురించి ఇంతకంటే రాయను.

ఉద్యోగం వదిలేదాకా ఒక పద్ధతి పాటించాను. చూపు ఉన్నట్టుండి మారిందంటే, అద్దాల సంగతికి ముందు దాహం గురించి అడిగేవాణ్ణి. బాగుపడిందని సంతోషంగా వచ్చినవాళ్ళను తప్పకుండా అడిగేవాణ్ణి.