చేతిదాకా రాని రోడ్డు

పానాక్కకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. చేతిలో పానా లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు కనుక అసలు పేరు మరుగున పడి ఈ పేరే నిలిచింది. తండ్రి పోయాక రిపేరు షెడ్డు ఆమెకు వచ్చింది, ఆయన ఎర్ర రేసు కారు అన్నయ్యకు వెళ్లింది. మంచిదంతా వాడికే పోయిందని ఎవరైనా జాలిపడితే ఆమెకు ఒళ్లు మండేది. ఆ కారును విప్పి బిగించడంలో ఉన్న సుఖం వీళ్లకేం తెలుసు? తోలడం అన్నయ్య పని, దాన్ని నిలబెట్టడం తన పని.

అన్నయ్య వారమంతా బ్యాంకు కిటికీ వెనక తల వంచుకు కూర్చునే గుమస్తా. ఆదివారం పాత కార్ల పందేల్లో మాత్రం వేరే మనిషి. గెలిస్తే దక్కేది ఓ రేకు కప్పు, నాలుగు చప్పట్లు. దానికే ప్రాణం పెట్టేవాడు. మలుపులో బండి జారబోతోందని అది జారకముందే అతని చేతులకు తెలిసిపోతుందని తోటివాళ్లు చెప్పుకునేవారు.

అలాంటివాడు ఏడాదిగా ఒకటే నస. "బండి చేతికి తెలియట్లేదే చెల్లాయ్. స్టీరింగ్ పట్టుకుంటే దూది పట్టుకున్నట్టుంది."

ఆమె టైర్లు మార్చింది. షాక్ అబ్జార్బర్లు మార్చింది. స్టీరింగ్ జాయింట్లు కూడా మార్చింది. అయినా అదే పాట. "ఆడలేనమ్మ మద్దెల ఓడందట" అని ఒకసారి మొహం మీదే అనేసింది. అతను నవ్వలేదు. "బుష్షులు మార్చు. దొరికినవాటిలో గట్టివి వెయ్యి" అన్నాడు.

చక్రాన్ని పట్టుకునే ఇనుప చేతికీ, బండి ఒంటికీ మధ్య ఇమిడి ఉండే రబ్బరు ముక్క బుష్. ఇంట్లో కోపిష్టి మనిషి మాటల్లో సగం తాను మింగి, సగమే మిగతావాళ్లకు చేరవేసే పెద్దావిడ లాంటిది. రోడ్డు కొట్టే దెబ్బల్ని అలా మింగుతుంది కనుకే కార్లలో జనం కునుకు తీయగలుగుతారు. పందెం కట్టేవాళ్లకు ఆ మధ్యవర్తి అక్కర్లేదు. రబ్బరు తీసేసి గట్టి ప్లాస్టిక్ బుష్ వేయిస్తారు. నడుం విరిగినా సరే, చక్రం కింద ఏముందో చేతికి తెలియాలంటారు.

పానాక్క తుప్పు పట్టిన బోల్టులకు నూనె పోసింది, తిట్టింది, బుజ్జగించింది, సుత్తితో నాలుగు వేసింది. పగుళ్లిచ్చిన పాత రబ్బర్లను ప్రెస్ కింద పెట్టి బయటికి నెట్టింది. కొత్తవాటికి గ్రీజు రాసి ఎక్కించింది. అంతా బిగించి, షెడ్డు వెనక కంకర రోడ్డు మీద ఓ చుట్టు తిప్పింది. అబ్బ! ఒక్కో రాయీ అరచేతిలోకి వచ్చి పడుతోంది. పళ్లు కూడా అదురుతున్నాయి. పని అంటే ఇదీ అని మురిసిపోతూ తాళం అన్నయ్య చేతిలో పెట్టింది.

అతను అదే రోడ్డు మీద తిరిగొచ్చాడు. దిగలేదు. "ఇంకా దూదిలాగే ఉంది. ఇంతకంటే గట్టివి దొరకవా?"

తిట్టబోతూ ఆమె అతని చేతుల వైపు చూసింది. స్టీరింగ్ మీద అతని వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి. నీళ్లలో పడ్డవాడు తాడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఒకసారి దిగు. కళ్లు మూసుకో." ఒక చేతిలో మెత్తబడిన పాత రబ్బరు బుష్, ఇంకో చేతిలో మిగిలిన కొత్తది పెట్టింది. "నొక్కి చూడు. ఏది పాతది?"

అతను నొక్కాడు. మళ్లీ నొక్కాడు. చాలాసేపటికి "ఏమో" అన్నాడు.

ఆమె బుష్షులు రెండూ వెనక్కి తీసుకుంది. "ఎప్పట్నుంచి?"

"షుగర్ వచ్చిన కొన్నాళ్లకే. ముందు వేళ్ల చివర్లు. ఇప్పుడు అరచెయ్యి కూడా." కళ్లు తెరవకుండానే అన్నాడు. "గట్టివి వేస్తే నాదాకా వస్తుందనుకున్నానే."

"డాక్టరుకి చెప్పావా?"

"చెబితే తోలొద్దంటాడు. ఈ ఆదివారం పందెం ఒక్కటీ కానియ్. కళ్లున్నాయిగా, నెట్టుకొస్తాను. నువ్వు మాత్రం నోరు విప్పకు."

ఆమె సరేననలేదు, కాదనలేదు. పందెంలో పక్కపక్కనే మూడు కార్లు దూరే మలుపు ఆదివారం దాకా ఆమె కళ్ల ముందు మెదులుతూనే ఉంది.

ఆదివారం ట్రాక్ దగ్గర, బళ్లు తనిఖీ చేసే పెద్దాయన ఎర్ర కారు చక్రాలు ఊపి చూశాడు. కిందికి వంగి బుష్షులు చూసి మెచ్చుకున్నాడు. "బండి సిద్ధమేనా అమ్మా?"

హెల్మెట్ పెట్టుకుని కూర్చున్న అన్నయ్య ఆమె వైపే చూస్తున్నాడు.

"బండి సిద్ధమేనండీ" అంది. "మా అన్నయ్య చేతులకి స్పర్శ పోయింది. ఆయన్ని తోలనివ్వకండి."

పెద్దాయన కారును పక్కకు తీయమని సైగ చేశాడు. అన్నయ్య హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇంకెవరన్నా చెప్పినా బాగుండేదే" అన్నాడు.

"ఇంకెవరికి తెలుసు?" అంది ఆమె.

తిరుగు దారిలో ఆమె తోలింది. అతను పక్కన కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక అన్నాడు, "ఇప్పుడేం తెలుస్తోంది చేతికి?"

"సన్న కంకర" అంది.

"తర్వాత?"

"తారు అతుకు. ఎడమ చక్రం కింద చిన్న గుంట. ఇప్పుడు నున్నగా ఉంది... ఇసుక. కొంచెం జారుతోంది."

అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. వేళ్లు ఒళ్లోని హెల్మెట్ అంచును పట్టుకున్నాయి. "ఊఁ, చెప్పు" అన్నాడు.

ఆమె ఏడుస్తూనే చెబుతూ పోయింది. ఇంటి వీధి మలుపు వచ్చింది. ఆమె తిప్పలేదు, బండిని తిన్నగా పోనిచ్చింది.