బోర్డు వచ్చేదాకా

మా పక్కింటి మాస్టారు మొన్న సోమవారం పొద్దున పోయారు. కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయారట. రామచంద్రపురం చుట్టుపక్కల మోటార్లు బాగుచేసేవాళ్లలో చాలామంది ఐటీఐలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. నాకు మాత్రం ఆయన మా ట్రెడ్‌మిల్ బాగుచేసిన మనిషి.

నిరుడు మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడికాలు ఈడ్చేవారు. ఎవరైనా చూస్తారని గడప దాటేవారు కాదు. ఆ మిషను మీదే, రెండు పక్కలా కమ్మీలు పట్టుకుని రోజూ కాసేపు నడిచేవారు. ఓ రోజు దాని లైట్లు వెలిగాయి గానీ బెల్టు కదల్లేదు. చూడ్డానికొచ్చిన మెకానిక్కు మోటారు కాలిపోయిందనీ, కొత్తది కొనుక్కోమనీ చెప్పి వెళ్లిపోయాడు. మా ఆయన మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నారు.

"ఇంక నా నడక అయిపోయిందే" అన్నారు.

పరుగున వెళ్లి మాస్టారిని పిలుచుకొచ్చాను. ఆయన ప్లగ్గు పీకించి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఎంతకీ లేవరు.

"మొదలెట్టరేంటి మాస్టారూ?"

"ప్లగ్గు తీసినా మిషను లోపలి బోర్డులో కాసేపు కరెంటు నిలవుంటుందండి అమ్మాయిగారూ. దాన్ని దిగనివ్వండి."

అది దిగాక మూత విప్పారు. ప్రతి తీగకీ గాయాలకి అంటించే ప్లాస్టరు ముక్క చుట్టి, పెన్నుతో దాని పేరు రాశారు. "విప్పేటప్పుడు అన్నీ గుర్తుంటాయండి. బిగించేటప్పుడు ఒక్కటీ గుర్తుండదు" అన్నారు. మోటారు తీగలు రెండూ ఊడదీసి తన స్కూటరు బ్యాటరీకి తగిలించారు. మోటారు మెల్లగా తిరిగింది.

"ఇది నిక్షేపంలా ఉందండి. పోయింది దీన్ని నడిపే బోర్డు."

నిజమే, బోర్డు ఓ మూల నల్లగా మాడి ఉంది. అప్పుడాయన బెల్టు కింద చెయ్యి పెట్టి, వేళ్లు వాసన చూసి, నా వంక చూశారు. నెలకోసారి నూనె వెయ్యాలని మిషనుతో వచ్చిన పుస్తకంలో ఉంది. మా ఇంట్లో తలకీ, తలుపు బందులకీ, కుట్టుమిషనుకీ ఒకటే నూనె, కొబ్బరినూనె. అది చలికి పేరుకుని, దుమ్ము పట్టి, బెల్టు బిగుసుకుపోయింది. దాన్ని లాగలేక మోటారు ఎక్కువ కరెంటు గుంజితే బోర్డు కాలింది. మా ఆయన నడకను ఆపింది నేనే.

మాస్టారు మంచంవైపు తిరిగి, "బోర్డులు పోతూంటాయండి, మామూలే" అన్నారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర గొంతు తగ్గించి, "కొబ్బరినూనె తలకి రాసుకోండమ్మా. దీనికి సిలికాన్ నూనె నేను తెప్పిస్తాను" అని నవ్వారు. ఆ సంగతి మా ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఇది చదివి తెలుసుకుంటారు. తిడితే పడతాను.

కొత్త బోర్డు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. మాస్టారు రోజూ పొద్దున్నే వచ్చేవారు. "బోర్డొచ్చేదాకా నేనే మిషనునండి, పట్టుకోండి" అని భుజమిచ్చి, మా పెరటి వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించేవారు. ఆయనకీ మోకాళ్ల నొప్పులున్నాయని తర్వాతెప్పుడో వాళ్ల కోడలు చెబితే తెలిసింది. బోర్డు వచ్చాక, ప్లాస్టర్ల మీద రాతలు చూసుకుంటూ గంటలో బిగించేశారు. బెల్టు కదిలింది. మా ఆయన హుషారుగా ఎక్కి మీట నొక్కబోతే, "స్పీడు పెంచకండి, అందుకోవాల్సిన బస్సేం లేదు" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

సోమవారం సాయంత్రం మాస్టారిని తీసుకెళ్తుంటే మా ఆయన చొక్కా తొడుక్కుని గడప దాటారు. ఆస్పత్రికి తప్ప ఏడాదిగా బయటకి రాని మనిషి.

"ఆటో పిలవనాండీ?" అన్నాను.

"మాస్టారి వెనక ఆటోలో వెళ్తానా?" అన్నారు.

జనం ముందుకు సాగిపోయారు. ఆయన కాలు ఈడ్చుకుంటూ అందరికన్నా వెనక. అలిసిపోతే కూర్చోబెడదామని నేను ఓ ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని ఆయన వెనక. వీధి చివరి నుంచి కాలవ వంతెన దాకా నడిచాం. కుర్చీ ఒక్కసారి కూడా కింద పెట్టనివ్వలేదు.