తడి గుడారాన్ని మడవని మనిషి

ఎస్టేట్‌లో అందరూ ఆమెని గుడారాలమ్మ అంటారు. మేనేజరు మొదలుకొని మేకలు కాసే ముసలాయన దాకా అదే పిలుపు. వయసు యాభై ఎనిమిది. చేతులు చూస్తే మాత్రం ఇంకో పదేళ్లు కలపాలి. ఇరవై రెండేళ్లు రేవులో పడవల తెరచాపలు కుట్టే షెడ్డులో పనిచేసింది. పడవలన్నీ ఇంజన్ల మీదికి మారిపోయాక షెడ్డు మూతపడింది. అప్పుడు పెద్ద సూదినీ, అరచేతికి కట్టుకునే తోలు పట్టీనీ సంచిలో వేసుకుని, సముద్రపు ఒడ్డునున్న ఈ పొలంలో పనికి చేరింది.

పొలం చివర, గట్టు మీద గడ్డిలో ఎనిమిది గుడారాలు. ఒక్కొక్కటీ గంట బోర్లించినట్టు గుండ్రంగా ఉంటుంది. నడుమ ఒకే ఒక గుంజ, చుట్టూ ఇరవై నాలుగు తాళ్లు. లోపల మంచాలు, పరుపులు, తివాచీ, నిలువుటద్దం కూడానూ. పట్నం నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో దిగి, రెండు రాత్రులు వాటిలో పడుకుని, ప్రకృతి ఒడిలో గడిపామని ఫొటోలు పెట్టుకుంటాయి. దీన్ని గ్లాంపింగ్ అంటారని మేనేజరు మొదట్లో చెప్పినప్పుడు ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"పరుపు మీదే పడుకునేటట్టయితే ఇంట్లోనే ఉండొచ్చు కదా బాబూ?"

ఆ మాట అతిథుల ముందు మాత్రం అనొద్దని మేనేజరు బతిమాలుకున్నాడు.

పని విషయంలో ఆమె ఎవరి మాటా వినదు. కొత్త గుడారాన్ని మూడుసార్లు తడిపి, మూడుసార్లు ఆరబెట్టాకే మనుషుల్ని అందులోకి రానిస్తుంది. కుట్టు దారాలు ఉబ్బి, సూది బెజ్జాలు పూడుకునేది అప్పుడేనట. వాన మబ్బు కనబడితే చాలు, ఎనిమిది గుడారాల చుట్టూ తిరిగి తాళ్లు వదులు చేస్తుంది. తడిసిన తాడు బిగుసుకుని మేకుల్ని పీకేస్తుంది. ఇక తడి గుడ్డని మడవడమంటారా, తల తీసి మొలేసినా ఆ పని చెయ్యదు. తడి మీద మడిచిన గుడ్డకి నాలుగు రోజుల్లో నల్లటి బూజు పడుతుంది. పడ్డ బూజు మళ్లీ పోదు.

ఆ పట్టుదలే ఆమె కొంప ముంచింది.

ఆరేళ్ల కిందటి సంగతి. ఆమె భర్త స్కూలు బస్సు నడిపేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. కూతురంటే పంచప్రాణాలు. ఒకరోజు స్టీరింగు ముందే గుండె నొప్పితో ఒరిగిపోతే ఆస్పత్రిలో చేర్చారు. రెండో రోజుకి తేరుకున్నాడు, లేచి కూర్చుని రెండు ముద్దలు తిన్నాడు, ఇక భయం లేదని డాక్టరు అన్నాడు. ఇంతలో తుఫాను వస్తోందని ఎస్టేట్ నుంచి కబురు. కూతుర్ని పక్కన కూర్చోబెట్టి, సాయంత్రానికల్లా వచ్చేస్తానని ఆమె బయల్దేరింది.

వచ్చి చూస్తే రాత్రి పడ్డ జల్లుకి ఎనిమిది గుడారాలూ తడిసి ముద్దయి ఉన్నాయి. ఉన్నవాటిని ఉన్నట్టు చుట్టి షెడ్డులో పడేద్దామన్నాడు మేనేజరు. ఆయన చెప్పినట్టు చేసి ఉంటే గంటలో పని తేలిపోయేది. ఆమె ఒప్పుకుంటేగా! మధ్యాహ్నం దాకా ఎండ ఉంటుంది, ఒక్కొక్కటే ఆరబెట్టి చుడతానంది. ఒకటి చుట్టాక ఫోను చూసుకునేది. ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. ఇంకోటి చుట్టేది. అలా ఆరు గుడారాలయ్యాయి. ఏడోది కంచె మీద ఆరుతుండగా అల్లుడు ఫోను చేశాడు, మామయ్యగారు పోయారని.

ఆస్పత్రి వరండాలో కూతురు ఆమెని చూసి ఒక్క మాట అడిగింది.

"ఆరాయా నీ గుడారాలు?"

అదే ఆఖరు మాట. అప్పటికి కూతురికి పెళ్లయి ఏడాది. మరుసటి ఏడు పాప పుట్టిందని అల్లుడే ఫోను చేసి చెప్పాడు. ఆమె వెళ్తే తలుపు తీసిందీ అతనే, పాపని చేతికిచ్చిందీ అతనే. కూతురు లోపలి గదిలోంచి బయటికి రాలేదు. పావుగంట కూర్చుని వచ్చేసింది ఆమె. మళ్లీ వెళ్లలేదు.

ఈ ఆరేళ్లూ ఆమెని నిలబెట్టింది ఒక్కటే ఊరట. ఫోను రాలేదు కదా. పరిస్థితి అంత విషమిస్తే చేసి ఉండేవాళ్లు కదా. చేసి ఉంటే రెక్కలు కట్టుకుని వాలేదాన్ని కదా. నిద్ర పట్టనప్పుడల్లా ఆ మాటే పట్టుకుని తెల్లవార్చేది.

ఈ ఏడు సీజను మొదట్లో, వచ్చేవాళ్ల జాబితాలో ఐదో నంబరు గుడారం ఎదురుగా అల్లుడి పేరు కనబడింది. పెద్దలు ఇద్దరు, పిల్ల ఒకతి. ఆ వారమంతా కాలు నిలవలేదు. ఐదో గుడారం తివాచీని మూడుసార్లు దులిపింది, చిన్న మంచం మీద దుప్పటి నాలుగుసార్లు మార్చింది. చూసిచూసి మేనేజరు, "మంత్రిగారేమన్నా వస్తున్నారా అమ్మా?" అన్నాడు. కూతురు నోరు విప్పి తనతో మాట్లాడుతుందా లేదా, ఆమె బెంగంతా అదే.

మాట్లాడింది. కారు దిగి, ఆమె మొహంలోకి చూడకుండా, "బాత్రూములు ఎటు?" అని అడిగింది. పరాయి పనిమనిషిని అడిగినట్టే. ఆమె చెయ్యెత్తి చూపించింది. అల్లుడు సిగ్గుతో తల దించుకుని పెట్టెలు మోసుకుపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం వాన పట్టుకుంది. తాళ్లన్నీ వదులు చేసి, ఒళ్లు తుడుచుకుంటుండగా అల్లుడు నెత్తిన తువాలుతో పరుగెత్తుకొచ్చాడు.

"అత్తయ్యగారూ, లోపల కారిపోతోంది. కొంచెం వస్తారా?"

తడి కాన్వాసుని లోపలివైపు నుంచి ముట్టుకుంటే, ముట్టుకున్నచోటల్లా కారుతుంది. పాప మంచమెక్కి, వాలుగా ఉన్న కప్పు మీద వేలితో పెద్ద చేప బొమ్మ వేసింది. ఇప్పుడు ఆ చేప ఒళ్లంతా బొట్లు బొట్లుగా కారుతూ పరుపుని తడిపేస్తోంది. పాప చేతులు వెనక్కి దాచుకుని బిక్కమొహం వేసింది. కూతురు గిన్నె పట్టుకుని ఏ బొట్టుకి పట్టాలో తెలియక నిలబడింది.

గుడారాలమ్మ మంచమెక్కింది. కారుతున్నచోట వేలు ఆనించి, అక్కణ్ణుంచి పక్కగోడ అంచు దాకా మెల్లగా ఒక గీత గీసింది. బొట్టు రాలడం మాని, ఆ గీత వెంబడే కిందికి జారి నేలలోకి ఇంకింది. ఇంకో గీత, ఇంకొకటి.

"నీళ్లు నీ మాట వింటాయా?" అంది పాప నోరు తెరిచి.

"నా మాట వినేవి అవొక్కటేలే తల్లీ," అంది ఆమె. అన్నాక నాలిక కరుచుకుంది.

కూతురు గిన్నె కింద పెట్టింది. పాపని భోజనాల షెడ్డుకి తీసుకెళ్లమని భర్తకి చెప్పింది. గొడుగు కింద ఆ ఇద్దరూ వెళ్లిపోయాక లోపల వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అమ్మా," అంది.

ఆరేళ్ల తర్వాత విన్న ఆ మాటకి ఆమె మంచం దిగి గుంజ పట్టుకుంది.

"ఆ రోజు నాన్న నీకు ఫోన్ చెయ్యమన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. నేను చెయ్యలేదు."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. "చెయ్యలేదా?"

"రానంటావని భయమేసింది. నువ్వు రానంటే ఆ మాట నాన్న మొహం చూస్తూ నేనే చెప్పాలి కదా. అందుకే చేశానని అబద్ధం చెప్పాను. అమ్మ బయల్దేరింది, దారిలో ఉంది అన్నాను. తొందరేం లేదు, జాగ్రత్తగా రమ్మను అన్నాడు. తల దువ్వమన్నాడు. దువ్వాను. గుమ్మం వైపు తిరిగి పడుకున్నాడు. ఇంక లేవలేదు."

కూతురు మొహం కప్పుకుంది. "అదంతా నీ మీదికి తోసేసి ఇన్నేళ్లూ బతికాను. మొన్న పాప అడిగింది, అందరి ఇళ్లకీ అమ్మమ్మలు వస్తారు, మనింటికి ఎందుకు రాదు అని. వస్తుందమ్మా, దారిలో ఉంది అనేశాను. మళ్లీ అదే మాట అమ్మా. నాకు ఊపిరాడలేదు."

గుడారాలమ్మకి మొదట కోపమే వచ్చింది. ఒళ్లంతా మండిపోయింది. రాని ఫోనుని పట్టుకుని ఆరేళ్లు బతికింది, ఆ ఫోను రాకుండా చేసింది తన కడుపున పుట్టినదే. చెంప పగలగొట్టాలనిపించింది. ఎంత మాట అన్నా చెల్లే సందర్భం, అడ్డుకునేవాళ్లు కూడా లేరు.

కానీ ఆమె దొంగలెక్కలు చెప్పుకునే మనిషి కాదు. ఆ రోజు ఫోను మోగి ఉంటే ఏం చేసి ఉండేది? కంచె మీద తడి గుడ్డ, ఆకాశంలో మబ్బు, చెవిలో ఫోను. తన గొంతు తనకి స్పష్టంగా వినబడింది.

"నువ్వు చేసినా నేను వచ్చేదాన్ని కాదు," అంది.

కూతురు తలెత్తింది.

"ఇంకో రెండే మిగిలాయి, ఆరగానే వచ్చేస్తానని చెప్పు అనేదాన్ని. డాక్టరు భయం లేదన్నాడు కదే అని నిన్నే కసిరేదాన్ని. నాకు తెలుసు. నువ్వు నిజం చెప్పాల్సొస్తే, నేను రానని తెలిసి పోయేవాడు మీ నాన్న. నీ అబద్ధం పుణ్యమా అని, వస్తున్నాననుకుంటూ పోయాడు."

కూతురు దగ్గరికి వచ్చి పక్కన నిలబడింది, ముట్టుకోవాలో వద్దో తెలియనట్టు.

"ఆ రోజు నేనొచ్చేసరికి తల నున్నగా దువ్వి ఉంది," అంది ఆమె. "ఆస్పత్రివాళ్లు దువ్వారేమో అనుకున్నాను. నా కోసం దువ్వించుకున్నాడా?"

"నీ కోసమే అమ్మా," అంది కూతురు.