పొట్టి ముక్కు కోసం

మా ఇంట్లో మొదటి పగ్ కుక్కని అందరూ గుంట అనే పిలిచేవాళ్ళు. మా వైపు ఆడపిల్లని పిలిచే మాటే అది. గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తూ క్వార్టర్లో ఉండే రోజులు. టీవీలో ఫోన్ ప్రకటన వచ్చాక ఆ జాతిని ఎరగనివాళ్ళు లేరు. అయినా నా భార్య తమ్ముడు దాన్ని దగ్గర్నుంచి చూసి, "ఇదేటి బావా, దీని మొగం మీద ఎవులైనా తలుపేసీసినారేటి?" అని పడీ పడీ నవ్వాడు.

నిజానికి గుంట ముక్కు మరీ అంత అణిగి లేదు. ఆ సంగతి విశాఖపట్నంలో కుక్కల పోటీకి తీసుకెళ్ళాకే తెలిసింది. జడ్జిగా వచ్చిన పెద్దాయన దాన్ని బల్ల మీద నిలబెట్టించి కళ్ళు చూశాడు, చుట్ట తిరిగిన తోక చూశాడు, నుదుటి ముడతలు వేలితో విడదీసి చూశాడు. చివరికి మూతి మీద బొటనవేలు ఆనించి "కొంచెం పొడుగు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

ఆ జాతి ఎలా ఉండాలో రాసిన నియమాలు తెప్పించుకుని చదివాను. మూతి పొట్టిగా, నలుచదరంగా ఉండాలి. ముక్కు రంధ్రాలు బాగా తెరుచుకుని ఉండాలని కూడా అందులోనే ఉంది. ఆ వాక్యం నా కంట పడలేదని చెప్పలేను. పడింది. కానీ ఆ రోజు గెలిచిన కుక్కల మొహాలు నా కళ్ళలో నుంచి పోలేదు. పక్క నుంచి చూస్తే నుదురూ గడ్డమూ ఒకే గీతలో ఉన్నాయి, మధ్యలో ముక్కు ఉందా అనిపించేటట్టు. రాసిన మాట కంటే ఆ గీతే నాకు నియమమైపోయింది.

గుంటని అలాంటి మొహమున్న మగకుక్కతోనే జత కట్టించాను. పిల్లల తలలు పెద్దవి కావడంతో కడుపు కోసి తీయాల్సి వచ్చింది. అప్పుడైనా నాకు భయం వెయ్యలేదు. మత్తులో ఉన్న గుంటని వదిలేసి పిల్లల మొహాలు తిప్పి తిప్పి చూసుకున్నాను. అన్నిట్లోకీ చదునైన మొహమున్న ఆడపిల్లని ఉంచుకుని, మిగతావి తెలిసినవాళ్ళకి ఇచ్చేశాను. ముక్కు ఎంత అణిగితే అంత అసలైన జాతి అని ఇచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను.

మేం ఉంచుకున్న పిల్ల మేలుకుని ఉన్నా గుర్రు పెట్టేది. మా అత్తగారు మురిసిపోయేది. "గుర్రెడతన్నాదంటే సుకంగా ఉన్నాదనే. కడుపు నిండినోలికే గుర్రొస్తాది" అనేది. మా అందరి నమ్మకమూ అదే. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక దాని చుట్టూ కూర్చుని వినేవాళ్ళం. మా బావమరిది "ఒసే, అప్పుడే రైసు మిల్లు మొదలెట్టీసినావేటే?" అంటే ఇల్లంతా నవ్వు. పడుకునేటప్పుడు ఆ కుక్కపిల్ల మా ఆవిడ చెప్పొకటి నోట్లో పెట్టుకునేది. ఆ నిద్రని వీడియో తీసి బంధువులందరికీ పంపాను.

టీకా వేయించడానికి విజయనగరం తీసుకెళ్ళినప్పుడు డాక్టరుకి కూడా ఆ వీడియో చూపించాను. ఆయన నవ్వలేదు. కుక్క మూతి పైకెత్తి నాకు చూపించాడు. ముక్కు రంధ్రాలు గోటితో గీసిన గీతల్లా ఉన్నాయి.

"నోరు మూసుకుంటే దీనికి ఊపిరాడదండి. మూసుకోకుండా చెప్పు అడ్డం పెట్టుకుంటోంది" అన్నాడు.

విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి రంధ్రాలు వెడల్పు చేస్తారనీ, ఎండలు రాకముందే చేయించమనీ చెప్పాడు.

నేను అడిగిన మొదటి ప్రశ్న: "చేయిస్తే పోటీకి పనికొస్తుందా?"

పనికిరాదన్నాడు.

తిరిగొచ్చే దారిలో మా ఆవిడ కుక్కపిల్ల మూతి ఎత్తి ఆ రంధ్రాలే చూసింది. తర్వాత, "ఊపిరాడదని ఆయన సెప్తుంటే మీరు అడగాల్సింది అదేటండీ?" అంది.

"ఈ సలికాలం పోటీ ఒక్కటీ అవనీ. అవగానే సేయించీద్దాం."

పోటీ అయింది. కప్పు వచ్చింది. మరో ఊళ్ళో ఇంకో పోటీ ఉందని తెలిసి ఆపరేషన్ మళ్ళీ వాయిదా వేశాను. ఆ రోజు నుంచి ఆవిడ కప్పు మీద దుమ్ము కూడా తుడవలేదు.

ఎండలు ముందే ముదిరాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను డ్యూటీలో ఉండగా ఫోను వచ్చింది. వెళ్ళేసరికి కుక్కపిల్ల స్నానాలగది గచ్చు మీద మెడ చాచి పడి ఉంది. ఒళ్ళంతా తడిగుడ్డలు. నాలుక నీలంగా ఉంది. మా ఆవిడ తన రెండు వేళ్ళతో దాని నోరు తెరిచి పట్టుకుని కూర్చుంది. నేను వచ్చినా తలెత్తలేదు. కారులో విజయనగరం చేరకుండానే అది పోయింది. కాసేపటిదాకా ఆవిడ ఆ వేళ్ళు తీయలేదు.

ఆ తర్వాత ఎక్కడ గుర్రు వినపడినా నేను కూర్చోలేకపోయాను. చర్చిలో పక్క బెంచీ మీద ఓ ముసలాయన కునుకు తీస్తే లేచి బయటికొచ్చేసేవాణ్ణి. ఇంట్లో ఫ్యాను చప్పుడు కూడా అలాగే వినిపించేది.

నేనిచ్చిన మిగతా పిల్లలు గుర్తొచ్చి ఒక్కొక్క ఇంటికీ వెళ్ళాను. కొందరు విన్నారు. నరసన్నపేటలో బట్టల కొట్టున్న ఒకాయన మాత్రం నన్ను చూసి సంబరపడిపోయాడు.

"రండి సారూ, రండి. మీ కప్పు ఫొటో సూసినాం. వచ్చే సలికాలం మావోణ్ణి కూడా దింపీద్దామనుకుంటన్నాం."

జరిగిందంతా చెప్పాను. నేనే చంపుకున్నానని కూడా చెప్పాను. ఆయన నా మాటకి అడ్డు రాకుండా విన్నాడు.

"మీ కప్పు మీకొచ్చీసినాది. ఇప్పుడు మాకొద్దంటన్నారేటి?"

"కప్పు మీకే ఇచ్చేస్తానండీ. ఈ కుక్కని ఆపరేషన్‌కి నాతో విశాఖపట్నం పంపండి. నేనే చేయించి తెస్తాను."

"ఇంకోలు గెలిసిన కప్పు నాకెందుకు సారూ? ముందు కాపీ తాగండి" అని నవ్వాడు. కోపం లేదు ఆయనకి. ఏడాది క్రితం నా దగ్గరికి ఎవరైనా ఇలాగే వస్తే నేనూ ఇలాగే నవ్వి కాఫీ ఇచ్చి ఉండేవాణ్ణి. కుక్కపిల్ల వచ్చి నా పాదాల మీద పడుకుంది. దాని ఊపిరి గరగరా నా కాళ్ళకి తగులుతూ ఉంది.

ఇప్పటికీ ఎండలు మొదలవగానే ఆయనకి ఫోను చేస్తాను. కుక్క ఎలా ఉందని అడగను. మాట్లాడుతూనే వెనక నుంచి ఆ చప్పుడు వినపడుతుందేమోనని చెవి రిక్కించి వింటాను. వినలేక చర్చి నుంచి లేచొచ్చినవాణ్ణి, అక్కడ మాత్రం అదే కోరుకుంటాను. వినపడితే అది బతికున్నట్టు.

ఈ ఏడు చేసినప్పుడు ఆయన కొట్లో ఉన్నానన్నాడు. ఇంటికెళ్ళాక ఒకసారి చెయ్యమన్నాను. అలాగే సారూ అన్నాడు. ఇంకా చెయ్యలేదు.