జమ్ములో దాచిన బిడ్డ

చెరువు కట్ట మీద తెల్ల కారు కనబడగానే అలివేలమ్మ చేతిలోని వలను అక్కడే పడేసి గుడిసెలోకి పరుగెత్తింది. కారులో ఎవరొస్తున్నారో ఆమెకు తెలుసు. ముందురోజే స్కూలు డ్రిల్లు మాస్టారు గురుస్వామి వచ్చి పూసగుచ్చినట్టు చెప్పిపోయాడు. మద్రాసులో పాలార్ యునైటెడ్ అని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉందట. జీతాలిచ్చి ఆటగాళ్ళను పెట్టుకునే పెద్ద క్లబ్బట. వాళ్ళ అకాడమీలో పిల్లల్ని చిన్నప్పుడే చేర్చుకుని, తిండీ చదువూ చూసుకుంటూ ఆటగాళ్ళుగా తయారు చేస్తారట. ఆత్మకూరు టోర్నమెంటులో ఆమె కొడుకు రవికుమార్ ఆట చూసి ముచ్చటపడ్డారట. ఇల్లు చూసి, తల్లిదండ్రులతో మాట్లాడి పోతారట. అంతా విని ఆమె "సరే సార్" అంది. ఆ సరేలో ఎంత భయం ఉందో గురుస్వామికి అంతు చిక్కలేదు, పాపం.

రవికుమార్ అప్పటికే స్నానం చేసి, తలకు నూనె రాసుకుని, స్కూలు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"జమ్ములోకి పో" అంది తల్లి. "నేను పిలిచేదాకా రామాక. పలకమాక."

"సారోళ్ళు వస్తా ఉండారు గదమా."

"అందుకే పొమ్మంటా ఉండా."

వాడు ఆమె ముఖం చూశాడు. చొక్కా విప్పి దండెం మీద వేసి, గుడిసె వెనకనుంచి చెరువులోకి దిగాడు. మనిషెత్తు జమ్ముగడ్డి రెండుసార్లు కదిలి ఊరుకుంది.

అనంతసాగరం చెరువు ఒడ్డున ఉన్న ఆ పాలెంలో ఇది పాత అలవాటు. చేపలు పట్టుకుని, కూలికి పోయి బతికే కుటుంబాలవి. ఒకప్పుడు కొత్త మనుషుల బండి ఏదైనా కట్ట ఎక్కితే చాలు, ఎవరో ఒకరు సత్తుగిన్నె మీద గరిటెతో టంగుటంగున కొట్టేవాళ్ళు. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆట వదిలేసి జమ్ములో దూరేవాళ్ళు. సముద్రం పక్క రొయ్యల గుంటలకు కాపలా మనుషులు కావాలని మేస్త్రీలు వచ్చే కాలమది. ఇప్పుడు అట్లాంటివి ఎక్కడున్నాయి అంటారు ఆత్మకూరు ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళు. నిజమే కావచ్చు. ఆ కబురు అలివేలమ్మ గుండెకు ఇంకా చేరలేదు.

ఆమె అన్న సిద్ధయ్యను అట్లాగే తీసుకుపోయారు. అప్పుడు వాడికి ఇంచుమించు రవికుమార్ ఈడు. వచ్చినవాడు మొరటువాడేమీ కాదు. పిల్లలకు బిస్కెట్లు పెట్టాడు. తిండి మాది, బట్ట మాది, సొంత బిడ్డలా చూసుకుంటాం, పండక్కి పంపిస్తాం అన్నాడు. నాయన చేతిలో అడ్వాన్సు పెట్టాడు. పండగ వచ్చింది, సిద్ధయ్య రాలేదు. నాయన వెతుక్కుంటూ పోతే, బాకీ తీరలేదని గేటు అవతలి నుంచే చెప్పి పంపారు. కొడుకును దూరం నుంచి చూడనిచ్చారు, మాట్లాడనివ్వలేదు. సిద్ధయ్య తిరిగొచ్చేసరికి మీసాలొచ్చాయి. మనిషి మాత్రం రాలేదనే చెప్పాలి. ఈనాటికీ కూర్చున్నచోట కూర్చోకుండా రెండు భుజాల మీదుగా వెనక్కి చూసుకుంటూ ఉంటాడు. ఎవరైనా గట్టిగా పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడి లేచి నిలబడతాడు.

కారు గుడిసె ముందు ఆగింది. గురుస్వామితోపాటు దిగిన కుర్రాడి పేరు భరత్. వరికుంటపాడు వైపు పెద్ద రైతుల ఇంటి బిడ్డ. ఆ క్లబ్బుకే ఆడేవాడట, మోకాలు దెబ్బతిని ఆట మానేశాక పిల్లలకు కోచ్ అయ్యాడట. అలివేలమ్మ మొగుడు పోలేరయ్య మంచం వాల్చి, దాని మీద దుప్పటి పరిచి, కూల్‌డ్రింకు కోసం ఒకణ్ణి ఉరికించాడు. అతనికి సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

"తిండి మాదేనమ్మా" అన్నాడు భరత్. "బట్టలు, బూట్లు, స్కూలు అన్నీ మేమే చూసుకుంటాం. మీరేమీ పెట్టక్కర్లేదు. మా ఇంటి పిల్లోడిలాగే చూసుకుంటాం. సెలవులకు పంపిస్తాం."

ఆ కుర్రాడు ఇంకేం చెప్పినా బాగుండేది. తెలుగులో ఇన్ని మాటలుండగా, పాతికేళ్ళ కిందట మేస్త్రీ చెప్పిన మాటలే ఏరుకొచ్చినట్టు చెప్పాడు. అలివేలమ్మ గుంజను పట్టుకుని నిలబడింది.

"రవి ఎడమ కాలు చాలా బాగుందమ్మా. అట్టాంటి కాలు పది ఊళ్ళు తిరిగినా దొరకదు. ఈ వయసులో నేర్పితేనే వస్తుంది, మీసాలొచ్చినాక ఏం నేర్పినా కష్టమే. ఏడీ, పిలవండి."

"మేకలెంట పోయినాడు" అంది అలివేలమ్మ.

పోలేరయ్య తెల్లబోయి పెళ్ళాం వంక చూశాడు. వాళ్ళకు మేకలు లేవు.

చూశారు, చూశారు. కూల్‌డ్రింకు తాగారు. గురుస్వామి రెండుసార్లు కట్ట దాకా పోయి వచ్చాడు, ముఖం కందగడ్డయింది. పొద్దు వాలుతుంటే భరత్ లేచి, "ఇష్టం లేకపోతే చెప్పండమ్మా, తప్పేం లేదు" అన్నాడు. ఆమె నేల చూపులు చూస్తూ ఖాళీ సీసాలు ఏరుకుంది. కారు వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరిగేదాకా ఆగి అప్పుడు పిలిచింది. జమ్ము కదలలేదు. మళ్ళీ పిలిచింది. గాలికి ఆకులు రాసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. పోలేరయ్య తెప్ప తోసుకుంటూ లోపలికి పోయాడు, ఆమె చీర ఎగదోపుకుని నడుం లోతు నీళ్ళలో కొడుకు పేరు పెట్టి ఏడుస్తూ తిరిగింది. వాడు చాలా లోపల దొరికాడు. నీళ్ళపామును చూసి వెనక్కి జరిగి, తొడల దాకా బురదలో దిగబడి, ఒక జమ్ము దుబ్బును రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి.

"కేకెయ్యలేదేరా" అన్నాడు తండ్రి.

"అమ్మ పలకొద్దనింది" అన్నాడు వాడు. తల్లి పిలిచినప్పుడు పలకబోయాడట. చలికి గొంతు పెగల్లేదట.

ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు. తల్లి మీద కోపం చూపినా బాగుండేది, అదీ చూపలేదు. దండెం మీది స్కూలు చొక్కా తీసి మడత పెట్టుకున్నాడు. పోలేరయ్య మాత్రం చూపించాల్సినంతా చూపించాడు. "వాణ్ణి ఎవురో ఎత్తకపోతారని నువ్వే చంపి ఉందువు గదే" అన్నాడు. ఆ మాట అలివేలమ్మ మనసులో ముల్లులా దిగింది. తెల్లారేదాకా బిడ్డ కాళ్ళు తడుముతూనే ఉంది.

గురుస్వామి పట్టు వదిలే మనిషి కాదు. మళ్ళీ వచ్చాడు. దసరా సెలవులకు ఉదయగిరిలో ఒక ప్రైవేటు స్కూలు అద్దెకు తీసుకుని క్యాంపు పెడుతున్నారనీ, నచ్చిన పిల్లల్ని అక్కడే కొన్నాళ్ళు ఉంచుకుని చూసి, మద్రాసుకు ఎవర్ని తీసుకుపోవాలో తేలుస్తారనీ చెప్పాడు. "నేను హామీ అలివేలమ్మా. నా మొహం చూసి పంపించు" అని బతిమాలాడు.

ఆమె సిద్ధయ్య గుడిసెకు పోయింది. ఈ సంగతులు సిద్ధయ్యను ఎవరూ అడగరు. అడిగితే మనిషి వణుకుతాడు. ఇప్పుడూ వణికాడు. చేతిలోని బీడీ ఆరిపోయింది. దాన్ని మళ్ళీ వెలిగించుకుని అన్నాడు.

"మంచి మాటలు అందురూ చెప్తారుమే. ఇంటికి పోతానని అడిగి చూడు. అప్పుడు తెలస్తాది."

ఆ ఒక్క మాట పట్టుకుని అలివేలమ్మ కొడుకును ఉదయగిరి క్యాంపులో దించి వచ్చింది. దించేటప్పుడే, అడిగితే ఇంటికి పంపిస్తారా అని అడుగుదామనుకుంది కానీ, అక్కడి పిల్లల గోలలో కొడుకు ముఖం వెలిగిపోవడం చూసి నోరు రాలేదు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. సెల్లులన్నీ కోచ్ దగ్గర పెట్టాలట, ఆదివారం తప్ప ఇంటికి మాట్లాడనివ్వరట. ఆదివారం దాకా ఆగలేకపోయింది. ఆత్మకూరులో చేపల గంప తోటి మనిషికి అప్పగించి, చీర కొంగుకు చేతులు తుడుచుకుని ఉదయగిరి బస్సెక్కింది.

స్కూలు కొండ కింద ఉంది. ఇనుప గేటుకు తాళం వేసి ఉంది. వాచ్‌మన్‌ను కూడా పిలవకుండా ప్రహరీ పక్కన నడిచి, కంచె ఉన్నచోట ఆగి లోపలికి చూసింది. పిల్లలు గుండ్రంగా నిలబడి బంతిని ఒకరికొకరు తన్నుకుంటున్నారు. మధ్యలో ఉన్నవాడు రవికుమార్. వాడు బంతిని చూడటం లేదు. ఈ భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు, ఆ భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. మధ్యమధ్యలో భరత్ "రవీ, వెనక!" అని కేక పెడుతున్నాడు. కేక వినపడగానే వాడు చటుక్కున తల తిప్పుతున్నాడు.

అలివేలమ్మ కంచె తీగ పట్టుకుంది. అచ్చం సిద్ధయ్య. మీసాలు కూడా రాకముందే సిద్ధయ్య అయిపోయాడు తన బిడ్డ. ఎట్లా వచ్చిందో తెలియదు, గేటు దగ్గరికి వచ్చి రెండు చేతులా బాదింది.

భరత్ పరుగున వచ్చాడు. "ఏమైందమ్మా?"

"నా బిడ్డను తీసకపోతా. మాకొద్దు."

భరత్ ఇప్పుడు గురుస్వామి హామీ సంగతి, అయిన ఖర్చు సంగతి ఎత్తుతాడని ఆమె పళ్ళు బిగించి ఎదురుచూసింది. ఎత్తితే ఏమనాలో బస్సులోనే సిద్ధం చేసుకుంది. అతను ఎత్తలేదు. ముఖం మాత్రం చిన్నబోయింది. లోపలికి పోయి రవికుమార్‌ను పిలుచుకొచ్చాడు. వాడి సంచీ వాడి భుజానికి తగిలించి, కొత్త బూట్లు కూడా చేతికిచ్చాడు.

"ఇవి నీవే, ఉంచుకోరా. ఇంటి దగ్గర కూడా ఎడం కాలు మానొద్దు" అన్నాడు. వాచ్‌మన్‌తో తాళం తీయమన్నాడు. "బస్టాండు దాకా బండి మీద దించమంటారా అమ్మా?"

గేటు తెరుచుకుంది. ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు. అలివేలమ్మ కొడుకు రెక్క పట్టుకుని రోడ్డెక్కింది. కాసేపటిదాకా నమ్మకం కలగక వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది. ఎవరూ రావడం లేదు. వాడు పక్కన నడుస్తున్నాడు. బూట్లు తాళ్ళతో కట్టి మెడలో వేసుకున్నాడు.

"కొట్టినారా నిన్ను?"

"లేదు."

"మరెందుకట్టా ఎనక్కి ఎనక్కి చూస్తా ఉండావు? నేను కంచెకాడ నిలబడి చూసినాలే. దాచమాక."

వాడు అర్థం కానట్టు చూసి, అర్థమై, తల దించుకున్నాడు. "అది ఆటమా. బంతి కాలికి రాకముందే ఎనకాల ఎవురుండారో చూసుకోవాల. చూసుకుంటే బంతి రాంగానే ఏ పక్క తిరగాల్నో తెలస్తాది. సారు అదే నేర్పిస్తా ఉండాడు. అందరికంటే నాకే బాగా వచ్చిందన్నాడు."

అలివేలమ్మ ఆగిపోయింది. ఆటోలు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. అడగాల్సింది ఒకటే మిగిలింది.

"నువ్వు ఇంటికి పోతానంటే పోనిస్తారా వీళ్ళు?"

"పోనిస్తారు. ఇప్పుడు పోనిచ్చినారు గదా." వాడు బూట్లను చొక్కాతో తుడిచాడు. గొంతు బాగా తగ్గించి, కోపం కూడా లేకుండా అన్నాడు. "నువ్వే పోనీవు."

ఎవరైనా చెంప మీద కొట్టినా ఆమెకు అంత నొప్పి పుట్టేది కాదు. కల్వర్టు గోడ మీద కూర్చుండిపోయింది. వాడు పక్కనే నిలబడ్డాడు. తల్లి లేచి ఆత్మకూరు వైపు నడిస్తే ఆత్మకూరు వైపే నడుస్తాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు, దానికే ఇప్పుడు భయం వేసింది.

లేచింది. వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

గేటు ఇంకా తీసే ఉంది. భరత్ మైదానంలో గుర్తులకు పెట్టిన కోన్లు ఏరుకుంటున్నవాడల్లా నిలబడి చూశాడు. రవికుమార్ తల్లి ముఖం వంక ఒక్కసారి చూసి, ఆమె ఊ అనేలోపే లోపలికి పరుగెత్తాడు.

"పిల్లోణ్ణి తీసుకొచ్చినా నాయనా" అంది అలివేలమ్మ.

"సంతోషమమ్మా." అతను చేతిలోని కోన్లు కింద పెట్టాడు. "ఒక మాట ముందే చెప్పాలి, తరవాత మీరు బాధపడకూడదు. ఇక్కడ నిలబడితేనే మద్రాసు. మద్రాసు వచ్చినా ప్రతి ఏడాదీ చూస్తాం. ఎదుగుదల లేదనిపిస్తే ఉంచుకోం. ఎక్కువమంది పిల్లలు అట్టా వచ్చేసేవాళ్ళే."

"వచ్చేయడమంటే?"

"ఇంటికి పంపించేస్తామమ్మా."

ఇంటికి పంపిస్తామనే మాట కోసమే ఆమె ఇంత దూరం వచ్చింది. ఆ మాట కోసమే ఆమె నాయన ఒకప్పుడు గేటు బయట పడిగాపులు పడ్డాడు. మైదానంలో రవికుమార్ బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నాడు, తొందరలో ముడి పడటం లేదు. అలివేలమ్మ పెద్దింటి బిడ్డ అని కూడా చూడకుండా భరత్ చెయ్యి పట్టుకుంది.

"పంపించమాకు నాయనా" అంది.